సరిహద్దు విచారణల్లో (పారిష్‌లలో) ఫోను సువార్త: పోస్టర్లు తగ్గించండి, గొంతు వినిపించండి

తెల్లారగానే వాట్సాప్‌లో దిగే పూలబొమ్మల వాక్యాల పోస్టర్లు గుంటూరులో, ఏలూరులో బాగానే పనిచేస్తాయి. ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు వాటి సంగతి వేరు. ఇక్కడ ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. పెద్దవాళ్లలో కొందరు తెలుగు చదువుతారు. పిల్లల్లో చాలామందికి మాట వచ్చు, అక్షరం రాదు. పోనీ ఒడియాలో పంపుదామంటే చదువుతారు గానీ, అమ్మ నేర్పిన జపమాల ఆ భాషలో లేదు. అందుకని ఈ జిల్లాల్లో ఫోను ద్వారా సువార్త సేవ మొదలుపెట్టే విచారణ ముందు ఆడియో మీద కష్టపడాలి. వీడియో, లైవ్, పోస్టర్లు ఆ తర్వాతే.

గొంతుతో సువార్త మనవాళ్లకు కొత్త కాదు. మనీలా నుంచి కతోలిక కేంద్రం రేడియో వెరితాస్ ఏషియా తెలుగు కార్యక్రమాలు షార్ట్‌వేవ్‌లో విన్న తరం ఇంకా ఉంది. ఆ కేంద్రం 2018లో షార్ట్‌వేవ్ ఆపేసి ఇంటర్నెట్‌కు మారింది. కతోలిక బిషప్పుల రెండవ వాటికన్ మహాసభ సమాచార సాధనాల మీద డిక్రీ ఇచ్చింది 1963 డిసెంబరు 4న. గురువులు (ఫాదర్లు) డిజిటల్ లోకంలోకి దిగాలని 16వ బెనెడిక్టు పోపుగారు 2010 సమాచార దినోత్సవ సందేశంలోనే చెప్పారు. పత్రాలకు కొదవ లేదు. కొదవంతా ఆదివారం ఉత్సాహం బుధవారం దాకా నిలవకపోవడంలోనే ఉంది.

దానికి మందు ఆరాధన పంచాంగంలోనే దొరుకుతుంది. చాలా బృందాలు ఏ రోజు సువిశేషం (పూజలో చదివే సువార్త భాగం) ఆ రోజు పొద్దున్న లేచి రికార్డు చేసి, రెండు నెలలకు అలసిపోయి మానేస్తాయి. అంత అవసరం లేదు. ఆదివారం పఠనాలు మూడేళ్లకోసారి తిరిగి వస్తాయి: 'ఏ' సంవత్సరం మత్తయి, 'బి' సంవత్సరం మార్కు, 'సి' సంవత్సరం లూకా. వారం రోజుల సువిశేషాలైతే ఇంకా సులువు. సామాన్య కాలంలో (క్రిస్మస్, ఈస్టర్ కాలాలు కాని మామూలు వారాల్లో) మొదటి పఠనం రెండేళ్ల చక్రంలో మారుతుంది గానీ, సువిశేషం ఏటా అదే. 34 వారాలు, సోమవారం నుంచి శనివారం దాకా రోజుకొకటి, మొత్తం 204 ఫైళ్లు. ఒక్కసారి శ్రద్ధగా రికార్డు చేసి పెట్టుకుంటే ఏళ్ల తరబడి వాడుకోవచ్చు. ఆగమన కాలం (క్రిస్మస్ ముందు), తపస్కాలం (ఈస్టర్ ముందు), పాస్కా కాలం (ఈస్టర్ తర్వాత), వీటి వారపు సువిశేషాలూ అంతే.

ఇందులో మూడు చోట్ల పొరపాట్లు జరుగుతాయి. ఒకటి ఫైలు పేరు. తేదీతో పేరు పెడితే వచ్చే ఏడు ఆ ఫైలు దొరికి చావదు. "సామాన్య-14-మంగళ" అని వారం, రోజు పేరుతో పెట్టాలి. రెండోది సంవత్సరం మారే రోజు. ఆరాధన సంవత్సరం ఆగమన కాలం మొదటి ఆదివారంతో మారుతుంది. జనవరి 1 దాకా పాత చక్రమే నడిపితే డిసెంబరంతా గుడిలో చదివేది ఒకటి, ఫోనులో వినిపించేది ఇంకొకటి అవుతుంది. మూడోది అసలైన తికమక. పెంతెకోస్తు (ఈస్టర్ తర్వాత ఏడు వారాలకు వచ్చే పండుగ) తర్వాత సామాన్య కాలం మళ్లీ మొదలైనప్పుడు కొన్ని ఏళ్లలో ఒక వారం ఎగిరిపోతుంది. 2025లో తపస్కాలానికి ముందు 8వ వారంలో ఆగి, పెంతెకోస్తు మర్నాడు 10వ వారంతో మొదలైంది. వరసగా తొమ్మిది అని పెట్టుకున్నవాళ్లు నవంబరు దాకా వారం వెనకే నడుస్తారు. క్రీస్తురాజు పండుగ ఎప్పుడూ 34వ ఆదివారమే, అక్కడి నుంచి వెనక్కి చూసుకుంటే లెక్క తప్పదు. జూలై 3 పునీత తోమా లాంటి పండుగలకు సొంత పఠనాలు ఉంటాయి కాబట్టి వాటిని వేరే ఫోల్డరులో ఉంచుకోవాలి.

సువిశేషం ఒక ఫైలు, వివరణ మరో ఫైలుగా చేయాలి. సువిశేషం పాతబడదు, వివరణ పాతబడుతుంది. తుపాను గురించో, ఊరి సంత గురించో ఒక్క మాట దొర్లిందంటే మరుసటి ఏడు అది పనికిరాదు. సువిశేషం పవిత్ర గ్రంథంలో ఉన్నది ఉన్నట్టు చదవాలి, వివరణ ఇక్కడి యాసలో చెప్పాలి. టీవీ వార్తల తెలుగులో చెబితే కాశీనగర్ అవ్వలు "ఎవరో పట్నపోళ్లు" అని పక్కన పెట్టేస్తారు. దివ్యబలిపూజలో (మాస్‌లో) ప్రసంగం గురువుకీ డీకనుకీ (గురువు కింది హోదా సేవకుడికీ) చెందినది కాబట్టి, మతబోధ చేసే ఉపదేశిగానీ యువకులుగానీ చెప్పినదానికి ధ్యానం అని పేరు పెట్టడం మంచిది.

రికార్డింగుకు ఖరీదైన సామాను అక్కర్లేదు. వైరున్న కాలర్ మైకు, ఫోను, దుప్పట్లూ పరుపూ ఉన్న చిన్న గది చాలు. గుడి హాలు మాత్రం వద్దు. రేకుల కప్పు, గచ్చు నేల కలిసి గొంతును డబ్బాలో పెట్టినట్టు చేస్తాయి, ఆ ప్రతిధ్వనిని తర్వాత యాపుతో పూర్తిగా తీసేయడం కష్టం. మైకు నోటికి జానెడు కింద, కొంచెం పక్కకి. సూటిగా నోటి ముందు పెడితే ప, బ అక్షరాల దగ్గర గాలి కొడుతుంది. ఫ్యాను ఆపి, ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాలి. లెవెల్ గరిష్ఠంగా -12 నుంచి -6 డెసిబెల్స్ మధ్య ఆడాలి, సున్నా తాకితే గొంతు పగిలిపోతుంది. కంప్యూటరులో ధ్వని దిద్దడానికి ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. 80 హెర్ట్జ్ కింది మంద్ర శబ్దాలు కోసేసి, లౌడ్‌నెస్ నార్మలైజేషన్‌తో -16 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కు (వినిపించే గట్టితనానికి కొలత) తెస్తే అన్ని ఫైళ్లూ ఒకే గట్టితనంతో వినిపిస్తాయి. మొదట ఒక సెకను నిశ్శబ్దం వదలండి. బ్లూటూత్ స్పీకర్లు మేలుకునేలోపు మొదటి అక్షరం మింగేస్తాయి.

వెనక సంగీతం వేయకండి. దుబాయ్‌లోనో కేరళలోనో పనికి వెళ్లిన తమ్ముడు రోడ్డు మీద ఇయర్‌ఫోన్‌లో వింటుంటే మాట మునిగిపోతుంది. పైగా యూట్యూబులో పెట్టినప్పుడు ఆ సంగీతం మీద కంటెంట్ ఐడీ (హక్కులున్న పాటలను యూట్యూబు తానే పసిగట్టే వ్యవస్థ) క్లెయిమ్ రావచ్చు. క్లెయిమ్ ఒక్కటైతే ఆదాయం వేరేవాళ్లకు పోతుంది, లేదా వీడియో మూగబోతుంది. హక్కుదారు నేరుగా ఫిర్యాదు చేసి స్ట్రైక్ తెస్తే, 90 రోజుల్లో అలాంటివి మూడు పడితే ఛానెలే పోతుంది. సినిమా బాణీల మీద కట్టిన భక్తిపాటలకూ ఈ ముప్పు ఉంది. నిజానికి ఆ పాటలు గుడిలోనే ఎందుకు పాడుతున్నామో ఆలోచించుకోవాలి, అది ఇంకో రోజు మాట.

ఫైలు ఎంపీ3, మోనో, 48 కెబిపిఎస్. రెండు నిమిషాల సువిశేషం 720 కేబీ వస్తుంది, 204 ఫైళ్లూ కలిపి 150 ఎంబీ దాటవు. వాట్సాప్ వాయిస్ నోట్ ఓపస్ ఫార్మాటులో ఉంటుంది, బటన్ ఫోన్లలో చాలావాటికి అది ఆడదు. ఎంపీ3 అయితే మెమరీ కార్డులోకి ఎక్కించి ఇవ్వచ్చు. కొండ మీది ఊళ్లలో నెట్‌వర్క్ ఒక చెట్టు కిందే దొరికే చోట ఈ కార్డే అసలైన ప్రసార కేంద్రం. నెలకోసారి ఉపదేశి వెళ్లినప్పుడు పాతది తీసుకుని కొత్తది ఇచ్చి వస్తే సరి. మూల ఫైళ్లు మాత్రం వేవ్ (కుదించని) రూపంలో రెండు చోట్ల దాచుకోవాలి. 48 కిలోహెర్ట్జ్ మోనోలో అవి రెండున్నర జీబీ లోపే పడతాయి.

పంపడానికి గ్రూపు కంటే వాట్సాప్ ఛానెల్ మేలు. గ్రూపులో ప్రతి ఒక్కరి నంబరూ అందరికీ కనిపిస్తుంది, ఛానెల్‌లో ఫాలో అయినవాళ్ల నంబర్లు ఒకరికొకరికి తెలియవు. ఇది ఇక్కడ చిన్న విషయం కాదు. బ్రాడ్‌కాస్ట్ జాబితా అంటారా, అందులో 256 మందే పడతారు, అదీ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. "పంపాం కదా" అని మీరు, "రాలేదు" అని వాళ్లు అనుకోవడానికి కారణం చాలాసార్లు ఇదే.

పిల్లల కోసం తెలుగు మాటలను ఒడియా లిపిలో రాసి క్యాప్షన్ పెట్టడం బాగా పనికొస్తుంది. అక్షరముఖ అనే ఉచిత పరికరం లిపి మారుస్తుంది. అయితే ఒడియాలో మన ఎ, ఒ హ్రస్వాలు లేవు. పైగా ఒడియా చదివే అలవాటులో అకారం ఒకారంలా పలుకుతుంది, "కన్య" కాస్తా "కొన్య" అవుతుంది. అందుకే మార్చినదాన్ని ఒడియా బడిలో చదివిన తెలుగు పిల్లతో గట్టిగా చదివించి, తడబడిన చోట దిద్దాలి.

ఇప్పుడు చట్టం. ఒడిశాలో మత స్వాతంత్ర్య చట్టం 1967 నుంచి ఉంది, 1977లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. బలవంతం, ప్రలోభం, మోసంతో మతం మార్చడం నేరం. ఏడాది వరకు జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడతాయి. మైనర్లు, స్త్రీలు, ఎస్సీ ఎస్టీల విషయంలో అది రెండేళ్లు, 10,000. మన బృందాలు చదవనిది అందులోని నిర్వచనం. బలవంతం అంటే దైవాగ్రహం చూపి బెదిరించడం కూడా. అంటే "నమ్మకపోతే నరకమే" అని వీడియోకు శీర్షిక పెట్టడం వట్టి మొరటుతనంతో పోయేది కాదు. డబ్బు, వస్తువు ఇవ్వజూపడం ప్రలోభం కిందికి వస్తుంది కాబట్టి, బియ్యం పంపిణీ ఫోటోలూ సువార్త పిలుపూ ఒకే పోస్టులో ఉండకూడదు. "ప్రార్థనతో జబ్బు తప్పక నయం" అనే హామీలూ వద్దు. పాత దేవుళ్లను తిట్టే సాక్ష్యాలు భారతీయ న్యాయ సంహిత 299 కిందికి వెళ్లవచ్చు. పెద్దల జ్ఞానస్నానం లైవ్ అసలు పెట్టకండి, దానికి జిల్లా మేజిస్ట్రేటుకు ముందుగా సమాచారం ఇచ్చే నియమం విడిగా ఉంది. 2008లో పక్కనే కంధమాల్‌లో క్రైస్తవుల మీద జరిగిన హింస గుర్తున్నవాళ్లకు, కత్తిరించిన పది సెకన్ల వీడియో ఎంత దూరం పోగలదో చెప్పనక్కర్లేదు. విశ్వాసం బలవంతంతో రాదని శ్రీసభ (కతోలిక సంఘం) కూడా 1965లో మత స్వేచ్ఛా ప్రకటనలో చెప్పిందే.

పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల ముఖం కనిపించే ఏ ఫోటోకైనా తల్లిదండ్రుల అనుమతి కాగితం మీద తీసుకోండి. విరాళాల క్యూఆర్ కోడ్ తెర మీద వద్దు. విదేశీ పౌరుడు ఎవరైనా దానికి డబ్బు వేస్తే అది విదేశీ విరాళాల చట్టంలో చిక్కు.

లైవ్ పూజ మంచం పట్టినవాళ్ల కోసం, సెలవు దొరకని వలస కూలీల కోసం. యూట్యూబులో ఫోను నుంచి లైవ్ పెట్టాలంటే 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి, మొదటిసారి అనుమతికి 24 గంటలు పట్టవచ్చు. కాబట్టి క్రిస్మస్ రాత్రి ఛానెల్ తెరవకండి. 480పీ, 1 ఎంబీపీఎస్ చాలు, గంటకు దాదాపు 450 ఎంబీ ఖర్చవుతుంది. అప్‌లోడ్ వేగం ఆ 1 ఎంబీపీఎస్‌కు రెట్టింపు ఉందో లేదో ముందటి ఆదివారం అదే గంటలో చూసుకోవాలి. తీసే ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, ఇంకో ఫోను హాట్‌స్పాట్‌కు కలపండి. లేకపోతే సత్ప్రసాద ప్రతిష్ఠ (అప్పద్రాక్షరసాలను ప్రతిష్ఠించే ఘట్టం) మధ్యలో ఎవరో ఒకరు ఫోను చేస్తారు. ధ్వని మిక్సర్ నుంచి తీసుకుంటే నేరుగా ఫోనులో గుచ్చకూడదు. లైన్ స్థాయి సంకేతం మైకు స్థాయి కంటే చాలా బలమైనది, మధ్యలో అటెన్యుయేటర్ (సంకేతాన్ని తగ్గించే పరికరం) లేకపోతే గరగర తప్ప ఏమీ వినిపించదు. కెమెరా పీఠం వైపే ఉండాలి, సత్ప్రసాదం తీసుకునే ముఖాల మీదికి పోవద్దు.

ఇంటర్నెట్‌లో దివ్యసంస్కారాలు (సత్ప్రసాదం, పాపసంకీర్తనం లాంటివి) లేవని వాటికన్ 2002లోనే స్పష్టంగా రాసింది. అందుకని లైవ్ చూసే రోగుల పేర్లు రాసుకుని, ఆ వారంలోనే వాళ్లింటికి సత్ప్రసాదం చేరేలా చూడాలి. ఎవరైనా ఇన్‌బాక్సులో పాపాలు టైపు చేయడం మొదలుపెడితే మర్యాదగా ఆపమని చెప్పి, ఆ మెసేజ్ తొలగించి, గురువు దొరికే వేళ తెలియజేయండి. ఫోనులో పాపసంకీర్తనం చెల్లదు. చనిపోవాలని ఉందని రాసినవాళ్లకు వాక్యం పంపి ఊరుకోవద్దు. వెంటనే ఫోను చేసి మాట్లాడి, ప్రభుత్వ మానసిక సహాయ లైను టెలీ మానస్ 14416 నంబరు ఇవ్వండి. అక్కడ తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు.

ఛానెల్ పేరులో "కతోలిక" అని పెట్టుకోవాలంటే శ్రీసభ చట్టం 216 ప్రకారం అధికారుల అంగీకారం కావాలి. గజపతి, గంజాం వాళ్లు బరంపురం మేత్రాసనాన్ని (బిషప్ కార్యాలయాన్ని), రాయగడ, కోరాపుట్ వాళ్లు రాయగడ మేత్రాసనాన్ని అడగాలి. ఖాతా ఒక కుర్రాడి సొంత నంబరు మీద తెరిస్తే, అతను సూరత్ వెళ్లిన రోజున ఛానెల్ కూడా సూరత్ వెళ్తుంది. విచారణ పేరున వేరే సిమ్ము తీసుకోండి, ఇద్దరు అడ్మిన్లను పెట్టండి, రెండంచెల పిన్ను విచారణ దస్తావేజుల పెట్టెలో సీలు కవరులో ఉంచండి. ఆ సిమ్ము రీఛార్జ్ లేకుండా మూడు నెలలు పడుంటే నంబరు రద్దయి ఇంకొకరికి పోవచ్చు. కాబట్టి రీఛార్జ్ తేదీని కూడా పూజల పట్టిక పక్కనే గోడకు అంటించండి.