బాపు మడత చాకు

ఆదివారం, హనుమకొండ. పొద్దున్నుంచీ ముసురు.

చాకు పాడైందంటే చాలామంది మొద్దుబారిందనే అనుకుంటారు. మొద్దుబారిన చాకు సరిగా కోయదు. కీలు వదులైన మడత చాకు అట్లా కాదు, కోస్తుండగానే ముడుచుకుని వేళ్ల మీదికొస్తుంది. మా బాపు (నాన్న) చాకుకు వచ్చింది ఈ రెండో జబ్బు. మొన్న జాంపండు కోస్తుంటే మడతపడి చూపుడువేలు పక్కన గీరుకుంది. రక్తం పెద్దగా రాలేదు గాని అమ్మకు భయం పట్టుకుంది. "దాన్ని తీసి యాడనన్న పారేయ్ బిడ్డా, ఆయనకు చేతులు వణుకుతున్నయ్" అని వంటింట్లోకి పిలిచి మెల్లగా చెప్పింది.

పారేయడానికి నాకు మనసొప్పలేదు. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో అడ్తి దుకాణం గుమస్తాగా ఉన్నన్నాళ్లూ ఆ చాకు బాపు అంగి జేబులోనే ఉంది. మిర్చి బస్తా మూతి సుతిలి తెంపి, నాలుగు కాయలు తీసి, తొడిమ విరిచి చూసి సరుకు ఎట్లాంటిదో చెప్పేవాడు. ఇప్పుడు ఆయన చేతిలోంచి ఒక్కొక్కటీ తీసేసుకుంటూ వస్తున్నాం. ముందు స్కూటరు, తర్వాత మేడెక్కి నీళ్ల ట్యాంకు చూసిరావడం. ఇక చాకు కూడానా? దాన్ని భయం లేకుండా వాడుకునేట్టు చేయగలిగితే గుంజుకోవాల్సిన పనే లేదు. అందుకే ఇవాళ వరండాలో పాత పేపర్లు పరిచి ముందేసుకుని కూర్చున్నా.

ఇది స్క్రూలు లేని పాత రకం. కొమ్ము పిడి, రెండు కొసలకు ఇత్తడి, లోపల రెండు ఇత్తడి రేకులు, వెనక పొడవునా ఒక స్ప్రింగు పట్టీ. అన్నింటినీ రివెట్లే (తల కొట్టి బిగించిన మేకులే) పట్టి ఉంచుతాయి. తెరిచాక బిగుసుకునే లాకు ఏదీ ఉండదు. బ్లేడు మొదలు దగ్గర చదునుగా చెక్కిన ముఖాలుంటాయి. తెరిస్తే ఒక ముఖం, మూస్తే ఇంకో ముఖం ఆ స్ప్రింగు మీద కూర్చుంటుంది. చాకును పట్టి ఉంచే బలమంతా ఆ ఒత్తిడే. ముఖానికీ స్ప్రింగుకూ మధ్య చెత్త చేరినా, రివెట్టు అరిగినా బ్లేడు సరిగా కూర్చోదు. బాపు చాకుకు రెండూ ఉన్నాయి. అటూ ఇటూ ఊపితే బ్లేడు టకటకమంటోంది, మూసినప్పుడు అంచు లోపలి రేకుకు రాసుకుంటోంది. పదును అంత తొందరగా ఎందుకు పోతోందో అప్పుడు అర్థమైంది.

ఫోన్ టార్చి వేసి పిడి లోపలికి చూస్తే అడుగున ముదురు ఎరుపు ముద్ద గట్టిపడి ఉంది. బాపు బిగుసుకున్నప్పుడల్లా రెండు చుక్కల పల్లినూనె వేసేవాడు. వంటనూనెలు గాలికి మెల్లగా చిక్కబడి జిగురవుతాయి. ఆ జిగురు మార్కెట్ దుమ్మును పట్టుకుంది. "నూనె పోసిన గదరా, ఇంకేం గావాలె?" అన్నాడు. ఏం అనలేదు. అటక మీద సీసాలో మిగిలిన గ్యాసునూనెను (కిరోసిన్‌ను) పాత టూత్ బ్రష్‌తో పట్టించి, వెదురుపుల్ల చెక్కి సందుల్లోంచి గీకాను. కొమ్ము నీళ్లలో నానితే ఉబ్బుతుంది, అందుకే సబ్బునీళ్లు పెట్టలేదు. కొంచెం కదిలిందో లేదో ఇద్దరికీ తుమ్ములు. ఇన్నేళ్లయినా ఘాటు పోలేదు. బాపు ముక్కు తుడుచుకుంటూ, "ఇది తేజ మిర్చి దుమ్మే. చపాటకు గింత కారం యాడిది, దానికి రంగే" అన్నాడు. మార్కెట్ మాట వచ్చేసరికి ఆయన గొంతే మారిపోతుంది. గీకిన చెత్తను వేలితో నలిపి చూస్తూ చాలాసేపు అట్లాగే కూర్చున్నాడు. నేనూ తొందరపెట్టలేదు.

రివెట్టు బిగించడమే అసలు పని. సమ్మెట తలను నేల మీద పడుకోబెట్టి దాన్నే దాగలి (కింద పెట్టి కొట్టే దిమ్మ) చేసుకున్నా. ఇత్తడి రివెట్టు మెత్తన, చిన్న సుత్తితో తల అంచు చుట్టూ తడుతూ పోతే పరుచుకుని బిగుస్తుంది. నడిమిట్ల ఒక్క దెబ్బ గట్టిగా వేస్తే లోపల వంగుతుంది, కొమ్ము కూడా పగలొచ్చు. మరీ బిగిస్తే బ్లేడు కదలనే కదలదు. దానికో ఉపాయం ఉంది. కూల్‌డ్రింకు డబ్బా రేకును చీలిక పెట్టి కత్తిరించి, బ్లేడుకూ పక్క రేకుకూ మధ్య దూర్చి, అప్పుడు కొట్టాలి. తర్వాత ఆ రేకును లాగేస్తే దాని మందమంత సందు మిగులుతుంది. కొన్ని దెబ్బలు వేయడం, తెరిచి మూసి చూడడం, మళ్లీ కొన్ని దెబ్బలు. బాపు చెవి దగ్గర పెట్టుకుని మూసి చూసేవాడు. టకటక పోయి ఒక్క 'టక్' మిగిలాక తలూపాడు. కీలులో కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేశాను.

బ్లేడు నిండా నల్లటి మచ్చలు. గరుకు కాగితంతో తోమబోతే బాపు చెయ్యి అడ్డం పెట్టి, అది తుప్పు కాదన్నాడు. ఆయన మాట నిజమే. మామిడికాయ, నిమ్మకాయ పులుపు తగిలి వచ్చిన నలుపు అది, ఇనుమును తినే ఎర్ర తుప్పు కాదు. బ్లేడు మొదలు దగ్గర రెండు చోట్ల ఉన్న ఎర్రదనం మాత్రం గీకేసి మిగతాది వదిలేశా. స్టెయిన్‌లెస్ కాని ఇట్లాంటి ఉక్కును ఇప్పుడు పెద్దగా ఎవరూ అడగడం లేదు, నాకది బాధగా ఉంటుంది. మనకు పైన, నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఒకప్పుడు మట్టి మూసల్లో ఉక్కు కాచేవారు. ఆ ఉక్కు ముద్దలు కొనడానికి పర్షియా వ్యాపారులు అంత దూరం నుంచి వచ్చేవారు. హెన్రీ వాయిసీ అనే ఇంగ్లీషాయన అక్కడి పని కళ్లారా చూసి రాసింది 1832లో అచ్చయింది కూడా. అంతటి ఉక్కు పుట్టిన సీమలో ఉండి, చాకు కాస్త నల్లబడిందని చెత్తబుట్టలో వేస్తామా?

సాన పట్టడం సైకిలు మీద వచ్చే అతనికి ఇద్దామంది అమ్మ. నేను వద్దన్నా. తిరిగే చక్రం మీద పలచటి అంచు నీలం రంగు తిరిగేంత వేడెక్కిందంటే ఉక్కు మెత్తబడిపోతుంది, ఆ తర్వాత ఎంత నూరినా పదును నిలవదు. ఇంట్లో రాయిని తడిపి, అంచుకు మార్కరు పెన్ను పూసి నూరాను. రంగు అంచు చివరిదాకా చెరిగితే వాలు సరిపోయినట్టు, పైనే చెరిగితే చాకును ఇంకొంచెం లేపాలి. మార్కెట్ అలవాటు కొద్దీ బాపు సుతిలి ముక్క తెచ్చి లాగి పట్టుకున్నాడు. ఆనించగానే తెగింది.

స్ప్రింగు మాత్రం నా చేతిలో లేదు. ఏళ్ల తరబడి వంగి వంగి బలం తగ్గింది. మార్చాలంటే రివెట్లన్నీ తొలిచి, ఉక్కు పట్టీ కొత్తగా చేసి, కాచి గట్టిపరచాలి, ఇంట్లో అయ్యే పని కాదు. బాపుకు ఆ మాట దాచకుండా చెప్పా. మొనతో పొడిచే పనులు వద్దు, గట్టి కాయ వద్దు, అంచును కిందికి లాగుతూ కోసేవి మాత్రమే, వెన్ను వైపు బరువు పడొద్దు. చాకును తెరిచి, వెన్ను మీద బొటనవేలితో తనే ఒత్తి చూసుకున్నాడు. "జాంపండుకు సాలు. కొబ్బరికాయ మీ అమ్మ సూసుకుంటది" అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు గాని, పళ్లెంలో రెండు జాంపండ్లు తెచ్చి ఆయన ముందు పెట్టింది.