కళ్ళు మూస్తే పలికే తంబుర

మొదటి రోజు పని అసలు మొదలే కాలేదు. అమ్మ తలకు రాసుకున్న కొబ్బరినూనె దగ్గరే ఆగిపోయింది.

నేను పద్మారావునగర్‌లో ఇరవై రెండేళ్ళుగా వీణ నేర్పుతున్నాను. గచ్చిబౌలిలోని ఒక ల్యాబ్‌లో మెదడు మీద పరిశోధన చేసే ఇద్దరు, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, కిందటేడు మా ఇంటికి వచ్చారు. మెదడులో పుట్టే విద్యుత్తుతో సంగీతం చేయాలనుకుంటున్నామని, సంగీతం తెలిసినవాళ్ళు తోడు కావాలని అడిగారు. ముందు నన్నే ఆ విద్యుత్తును కొలిచే ఈఈజీ టోపీ పెట్టుకోమన్నారు. కానీ వీణ వాయిస్తుంటే మెడ, భుజాలు, దవడ కదులుతూనే ఉంటాయి. ఆ కండరాల విద్యుత్తు ముందు మెదడుది వినిపించనే వినిపించదట. కదలకుండా కూర్చుని వినేవాళ్ళు కావాలన్నారు.

అమ్మ ఉంది. డెబ్బై నాలుగేళ్ళు. వేళ్ళ కీళ్ళు బిగుసుకుపోయి ఆరేళ్ళ క్రితం వీణ పక్కన పెట్టేసింది. అడిగితే, "నేను చేయాల్సింది ఊరికే కూర్చోవడమేనా? అయితే వస్తాను" అంది.

ఆ టోపీలోని ఎలక్ట్రోడ్లు, అంటే విద్యుత్తును అందుకునే చిన్న బిళ్ళలు, తల చర్మాన్ని బాగా అంటుకోవాలి. నడుమ నూనె ఉంటే జెల్ పట్టదు, నిరోధం పెరిగిపోతుంది. వాళ్ళకు 5 కిలో ఓమ్‌ల లోపు కావాలి, అమ్మ తల మీద దాని దరిదాపుల్లోకి కూడా రాలేదు. వారం తర్వాత రమ్మని, నూనె వద్దని, షాంపూతో స్నానం చేయమని చెప్పారు. అమ్మ కుంకుడుకాయలు కొట్టించుకుని తలంటుకుంది. ఈసారి పది నిమిషాల్లో అంతా కుదిరింది. చెవికి క్లిప్పు పెట్టాలి కాబట్టి దుద్దులు తీయమన్నారు. ఆ ఒక్కదానికే కాస్త ఇబ్బంది పడింది.

అయితే స్పీకర్లోంచి వచ్చింది సంగీతం కాదు, హోరు. మెదడు సంకేతం వోల్ట్‌లో పది లక్షల వంతుల్లో కొలిచేంత చిన్నది. గోడల్లోని కరెంటు 50 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 50 సార్లు ఊగుతూ, దాన్ని మింగేస్తుంది. నేను పాడే శ్రుతి ఐదు, అంటే దాదాపు 196 హెర్ట్జ్. ఆ హోరును రెండు స్థాయిలు పైకి తీసుకెళ్తే 200. నా షడ్జమానికి కొంచెం పైన, శ్రుతి తప్పిన తంబురలా రెండు గంటలు చెవిలో మోగింది. లాప్‌టాప్ ఛార్జర్ పీకేసి, ట్యూబ్‌లైట్, ఫ్యాను ఆపేశాక తగ్గింది. అది ఏప్రిల్. ఫ్యాను లేక అమ్మకు చెమట పట్టింది. చెమట పడితే తెర మీద గీత మెల్లగా పక్కకు జారిపోతుంది. మళ్ళీ మొదటికొచ్చాం. ఆ తర్వాత ఉదయం ఏడింటికే వెళ్ళేవాళ్ళం.

ఇది కొత్త ఆలోచన కాదని ఆ అమ్మాయే చెప్పింది. జర్మనీలో హాన్స్ బెర్గర్ 1924లో మనిషి తల మీద నుంచి ఈ తరంగాలను మొదటిసారి నమోదు చేశాడు, 1929లో ప్రకటించాడు. 1965లో ఆల్విన్ లూసియే అనే అమెరికన్ స్వరకర్త, ఎడ్మండ్ డివాన్ అనే భౌతికశాస్త్రవేత్త సాయంతో, వేదిక మీద కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. ఆయన ఆల్ఫా తరంగాలు స్పీకర్ల ద్వారా చుట్టూ ఉన్న డప్పులను, జేగంటలను కంపింపజేశాయి. ఆల్ఫా అంటే సెకనుకు 8 నుంచి 13 సార్లు ఊగే తరంగం. మన చెవికి సుమారు 20 హెర్ట్జ్ కింద స్వరం వినిపించదు కాబట్టి దాన్ని నేరుగా వినలేం. ఏదో ఒక వాద్యానికి అప్పజెప్పాలి.

ఏ వాద్యానికి, ఎలా అన్నదే మా మధ్య అసలు వాదన. వాళ్ళు మొదట తరంగం బలాన్ని బట్టి పియానో స్వరాలు పలికించారు. స్వరాలు గుప్పిట పట్టి నేల మీద జల్లినట్టుంది. నేను ఒప్పుకోలేదు. స్వరం ఒకటి మోగినంత మాత్రాన రాగం కాదు, దాని మీద ఎంతసేపు నిలిచాం, ఎక్కణ్ణుంచి జారి వచ్చాం అన్నదే రాగం. పైగా కంప్యూటర్ తరంగాన్ని కొలిచి చెప్పేసరికి రెండు సెకన్లు ఆలస్యం. రెండు సెకన్ల ఆలస్యంతో తాళం నడవదు. మూడు వారాలు దీని మీదే మాట్లాడుకున్నాం. చివరికి నేనే అన్నాను, తంబురకు ఇవ్వండి అని. ఆల్ఫా పెరిగితే తంబుర పెరగాలి, తగ్గితే తగ్గాలి. తంబురకు ఆలస్యం దోషం కాదు. నేను దాని మీద ఆనందభైరవి ఆలాపన, తానం వాయిస్తాను.

తంబుర మాత్రం సరిగా పలకలేదు. కళ్ళు మూస్తే ఆల్ఫా పెరగాలి, కానీ అమ్మ కళ్ళు మూసినా తంబుర సన్నగానే ఉంది. ఆ అబ్బాయి గంటసేపు తెర చూసి, "అమ్మమ్మగారి ఆల్ఫా ఎనిమిదిన్నర దగ్గర ఉంది మేడమ్, మేం 9 నుంచి పైకే చూస్తున్నాం" అన్నాడు. వయసు పెరిగేకొద్దీ ఆల్ఫా నెమ్మదిస్తుందట. హద్దు 7కు దించాడు. తంబుర గదంతా నిండింది. అమ్మ కళ్ళు తెరిచి "ఏమైందే?" అంది, రెండు సెకన్లకు అది అణిగిపోయింది. మళ్ళీ మూసింది, మళ్ళీ వచ్చింది. ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే ఐదారుసార్లు తెరిచి మూసి చూసుకుంది.

ఒక విషయం నేను పట్టుబట్టాను. కచేరీ పోస్టర్ మీద "మెదడు పాడిన పాట" అని రాశారు, తీసేయమన్నాను. ఏ సంగీతమూ లేకుండా కళ్ళు మూసినా అమ్మ ఆల్ఫా పెరిగేది. మనసులో తాళం లెక్కపెట్టమంటే తగ్గేది. మనసు లెక్కల్లో పడితే ఆల్ఫా తగ్గుతుందని బెర్గరే గమనించాడట. కాబట్టి ఆ తంబురలో అమ్మ ఆలోచనలు లేవు, అమ్మ భక్తి లేదు. రాగం, శ్రుతి, తంబుర మేం ఎంచుకున్నవి. అందులో అమ్మది హెచ్చుతగ్గులు మాత్రమే. వినేవాళ్ళకు ఇది చెప్పకపోతే మోసం చేసినట్టే. వాళ్ళిద్దరూ వెంటనే ఒప్పుకున్నారు, నాకు వాళ్ళ మీద గౌరవం పెరిగింది.

సికింద్రాబాద్‌లో ఒక చిన్న హాల్లో నలభై మంది దాకా వచ్చారు. ముందుగా ఇదంతా తెలుగులో చెప్పాను. తర్వాత వాయించాను. బయట ఆటో హారన్ మోగినప్పుడు తంబుర ఒక్కసారి తగ్గింది, మెల్లగా తేరుకుంది. తానం అయ్యాక నేను తీగల మీద చేయి పెట్టి ఆపేశాను. ఆరేళ్ళుగా మా ఇంట్లో నేను వాయిస్తుంటే అమ్మ వంటింట్లోంచి వినడమే తప్ప, ఇద్దరం కలిసి కచేరీలో కూర్చోలేదు. నా వీణ ఆగినా తంబుర ఆగలేదు. హాల్లో ఎవరూ కదల్లేదు, నేనూ కదల్లేదు. అమ్మ కళ్ళు తెరిచేదాకా అలాగే విన్నాం.