చింతపిక్కల బంక, 48 ముక్కలు

చైత్రం వచ్చేసరికి ఒడిశాలోని మా పర్లాకిమిడి సంతలోకి కొత్త చింతపండు దిగుతుంది. ఏడాదికి సరిపడా కొని, ఎండబెట్టి, పీచూ పిక్కా తీసి, ఉప్పు కలిపి జాడీకెత్తే పని మా ఇంట్లో నాలుగైదు రోజులు సాగుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే పిల్లల పరీక్షలు ముగుస్తాయి; ఎండలోకి పంపలేక, ఇంట్లో ఊరుకోబెట్టలేక తల్లులు సతమతమయ్యే కాలం మొదలవుతుంది. ఈ రెండింటికీ సంబంధం ఉన్నదని మూడేళ్ల కిందటి దాకా నాకు తోచలేదు. ఆ ఏడు పిక్కలన్నీ చేటలో పోసి పెరట్లోకి తీసుకువెళ్తూ ఉంటే, అరుగు మీద కూర్చున్న మా అత్తయ్యగారు, "ఏటమ్మా, పిక్కలు పారబోసేస్తన్నావా? ఉంచు, బంక కాసుకోవచ్చు" అన్నారు.

అంతకుముందు రెండు వేసవుల్లో మేమూ బజారులో దొరికే బొమ్మల తయారీ పెట్టెలు కొన్నవాళ్లమే. వాటి ధర సంగతి అలా ఉంచితే, వాటితో చేసిన వస్తువుకు ఇంట్లో ఏ పనీ ఉండకపోవడమే నాకు నచ్చలేదు. అది రెండు రోజులు టీవీ పక్కన నిలబడుతుంది, మూడోనాడు బీరువా మీదికెక్కుతుంది, దీపావళికి బూజు దులిపేటప్పుడు చెత్తలోకి పోతుంది. అందుచేత పిల్లలతో కలిసి ఏం చేసినా దానికి ఇంట్లో ఏదో ఒక ఉపయోగం, ఆడుకోవడానికో, దీపం పెట్టడానికో, గడపలో వేయడానికో, ఉండి తీరాలని నాకు నేనే ఒక షరతు పెట్టుకున్నాను.

ముందుగా బంక సంగతి. పిక్కలను ఇనప మూకుడులో సన్నని సెగ మీద వేయిస్తే పైన ఉన్న గోధుమరంగు తొక్క చిట్లుతుంది. చల్లారాక రోట్లో వేసి నాలుగు పోట్లు వేస్తే తొక్క ఊడి, లోపలి తెల్లని పలుకులు బయటపడతాయి. ఈ పని పిల్లలకు అప్పగించవచ్చు. పిక్కలు రోట్లోంచి ఎగిరిపడి మంచాల కిందికి దొర్లడమే వారికి సగం ఆట. అరగ్లాసు పలుకులను రాత్రంతా నానబెట్టి, మెత్తగా రుబ్బి, నాలుగైదు గ్లాసుల నీటిలో కలిపి, గరిటె ఆపకుండా కాచి, పాతగుడ్డలో వడగట్టాలి. మొదటిసారి నేను నీళ్లు మరిగాక ముద్దను అందులో వేశాను. దానితో బంకకు బదులు ఉండలు కట్టిన అంబలి తయారైంది. చన్నీళ్లలోనే కలిపి, ఆ తరువాత పొయ్యి మీద పెట్టాలని అత్తయ్యగారు చెప్పారు, నేను మూకుడు కడుక్కున్న తరువాత. మరో మాట. పుస్తకాలు కుట్టేవారు బంకకు పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లల చేతులు నోట్లోకి పోయే ఇంట్లో దాని జోలికి పోకూడదు. నేను వేపాకు మరగబెట్టిన నీళ్లతో బంక కాస్తాను, రెండు రోజులలో అయిపోయేంత మాత్రమే కాస్తాను.

ఈ బంకతో ఏం చేయాలన్న ప్రశ్నకు మా ఊరిలోనే జవాబు ఉన్నది. ఒడిశాలో గంజపా అని గుండ్రని పేకముక్కల ఆట ఒకటి ఉన్నది. పూరీ దగ్గరి రఘురాజ్‌పూర్‌లోనూ, సోన్‌పూర్‌లోనూ, మా పర్లాకిమిడిలోనూ ఆ ముక్కలను చేతితో చిత్రించే పని తరతరాలుగా సాగింది. పాత నూలుగుడ్డను పొరలుగా చింతపిక్కల బంకతో అతికి, సుద్దపూత పూసి, ఆరబెట్టి, రాయితో నునుపు చేసి, గుండ్రంగా కత్తిరించి రంగులు వేస్తారు. ఒక్కొక్క రంగుకు, అంటే పేకలో ఇస్పేటు, ఆఠీను లాంటి జాతికి, 12 ముక్కలు: ఒకటి నుంచి పది వరకు అంకెల ముక్కలు, పైన ఒక మంత్రి, ఒక రాజు. ఎనిమిది రంగుల కట్టలో 96 ముక్కలుంటాయి. పది రంగులు, పన్నెండు రంగుల కట్టలూ ఉన్నాయి. వీధి చివర ఇంటి మావుసి, అంటే పిల్లలు అలా పిలిచే ఒడియా పెద్దామె, తమ పుట్టింట్లో మగవాళ్లు మధ్యాహ్నాలు ఈ ఆట ఆడుతూ అన్నం చల్లారిపోయినా లేచేవారు కాదని చెప్పింది. ఆ ఒక్క మాటతో మా పిల్లలకు ఆ ముక్కలు కావలసివచ్చాయి.

మేము నాలుగు రంగులతో సరిపెట్టుకున్నాము, మొత్తం 48 ముక్కలు. నా పాత నూలుచీర ఒకటి చిరుగు పట్టి ఉన్నది. దానిని చాపంత కొలతలో మూడు పొరలు చేసి, వసారాలోని సిమెంటు గచ్చు మీద పరిచి, పొరకూ పొరకూ మధ్య బంక పూసి, అరచేతితో గాలిబుడగలు నొక్కేశాము. ఆరిన తరువాత పలకసుద్దను మెత్తగా నూరి, బంకలో కలిపి పూత పూశాము. ఇక్కడే నా తొందర చెడుపు చేసింది. ఒక వైపు పూత పూసి, త్వరగా ఆరాలని మేడ మీద వైశాఖపు ఎండలో పెట్టి వచ్చాను. గంట తరువాత వెళ్లి చూస్తే ఆ గుడ్డ అంతా వేయించిన అప్పడంలా ముడుచుకుపోయి, పూత బీటలు వారి ఉన్నది. రెండో సారి రెండు వైపులా పలుచని పూతలు రెండేసి పూసి, నీడలో ఆరబెట్టి, కొద్దిగా తేమ ఉండగానే న్యూస్‌పేపర్ల మధ్య ఉంచి, పైన సన్నికల్లు పెట్టాము. మర్నాటికి అది అట్టలా చదునుగా వచ్చింది. మహేంద్రతనయ ఏటి ఇసుకలో పిల్లలు ఏరుకొచ్చిన నున్నని గులకరాళ్లతో రుద్దితే పూత మెరుపెక్కింది. రుద్దేటప్పుడు వచ్చే ఆ సన్నని కీచు చప్పుడు ఇల్లంతా రెండు రోజులు వినిపించింది. పెద్ద గాజు ఒకటి పెట్టి గీసుకొని కత్తిరించాము. కత్తెర పని మాత్రం నాదే, ఎందుకంటే ఆరిన ఆ గుడ్డ పిల్లల చేతికి లొంగదు.

గంజపాలో రంగును గుర్తుపట్టేది ముక్క నేపథ్యపు వర్ణాన్ని బట్టి. అందుచేత మాకు నాలుగు వర్ణాలు కావలసి వచ్చాయి. నాలుగూ వంటింటి గడప దాటకుండానే దొరికాయి. పచ్చనిది పసుపు. నీలం బట్టలకు పెట్టే నీలిమందు. నలుపు, ఆముదపు దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లించి పట్టిన మసి. ఎరుపు కోసం పసుపులో తడిసున్నం కలిపాము. సున్నం తగలగానే పసుపు ముద్ద రక్తవర్ణంలోకి తిరగడం చూసి మా చిన్నవాడు కేక పెట్టాడు; పెళ్లిళ్లలో కాళ్లకు పెట్టే పారాణి ఇదేనని చెబితే నమ్మలేదు. దాని మీద నిమ్మరసం చుక్క వేసి చూపించాను, మళ్లీ పచ్చబడింది. పసుపులోని వర్ణద్రవ్యం క్షారం తగిలితే ఎర్రబడుతుంది, ఆమ్లం తగిలితే పసుపుపచ్చకు తిరుగుతుంది. సున్నం కళ్లలో పడితే ప్రమాదం కనుక అది కలిపే పని పెద్దలే చేయాలి. అయితే చూడటానికి ఎంత బాగున్నా పారాణి మా ముక్కలకు పనికిరాలేదు. నెల తిరిగేసరికి ఎర్ర ముక్కలు వెలిసి గోధుమవన్నెకు దిగాయి, పచ్చ ముక్కలు కూడా వెలుగు తగిలి పాలిపోయాయి, ఆటలో ఏది ఏదో తెలియక మా ఇంట్లో అక్కాతమ్ముళ్ల మధ్య పోట్లాట జరిగింది. ఎరుపును జాజుతో, అంటే ఎర్రమట్టితో, మళ్లీ వేశాము. మట్టి, మసి నిలిచినట్టు పసుపు నిలవదు. ఎండకు దాని రంగు విరిగిపోతుంది. పచ్చ ముక్కలకు ఏటా ఒకసారి పసుపు పూయడం ఇప్పుడు వేసవి పనుల్లో ఒకటైపోయింది.

బొమ్మలు పిల్లల ఇష్టం. పచ్చ ముక్కల మీద మామిడికాయలు, ఎర్ర ముక్కల మీద చేపలు, నీలం మీద గొడుగులు, నల్ల ముక్కల మీద సుద్దతో తెల్లని పిల్లులు. పది పిల్లులు గీసే ఓపిక లేక చిన్నవాడు పది తోకలు గీసి ఊరుకున్నాడు, ఇప్పటికీ ఆ ముక్కను మేము 'తోకల పది' అంటాము. నీలం రంగులో రాజు మా మామయ్యగారు, పడక కుర్చీతో సహా. మంత్రి మా అత్తయ్యగారు, నడుముకు తాళాల గుత్తితో. మంత్రిని రాజు కొడతాడని ఆటలో తెలిశాక ఆవిడ మొహం కొంచెం చిన్నబోయింది. "బుద్ధి చెప్పేవాళ్ల మీద కూర్చున్నవాళ్లది పైచేయా?" అన్నారు. అసలు గంజపాకు లక్కపూత పూస్తారు. మేము కొవ్వొత్తి ముక్కతో రుద్ది వదిలేశాము. చెమట చేతులకు అది చాలు. కరెంటు పోయిన రాత్రులలో వసారాలో లాంతరు పెట్టుకొని నలుగురం ఆడుతూ ఉంటాము. పేక అంటే మండిపడే మామయ్యగారు కూడా, ఇది పేక కాదని తనకు తానే నచ్చజెప్పుకొని, కూర్చుంటారు. ఖర్చు చూస్తే సుద్దముక్కలు, నీలిమందు, జాజు, ఒక కొవ్వొత్తి. మిగిలినదంతా ఇంట్లోదే.

వానాకాలంలో బంక పని పెట్టుకోకూడదు, బూజు పడుతుంది. అప్పుడు మాకు పార్సెల్ పెట్టెల అట్టలు, బియ్యప్పిండి. గుణుపూర్ వైపు పుట్టాసింగి కొండల్లోని సవర గిరిజనుల ఇళ్లలో ఎర్రమన్ను పూసిన లోపలి గోడ మీద, నానబెట్టి రుబ్బిన బియ్యపు ముద్దతో, నలిపిన వెదురుపుల్లను కుంచెగా పట్టి 'ఇడితాల్' అనే గోడచిత్రం గీస్తారు. అది వారి పితరులకూ దేవతలకూ ఇచ్చే చోటు. అందుచేత దానిని యథాతథంగా దించి గోడకు అలంకారంగా వేలాడదీయడం నాకు ఇష్టం ఉండదు. సవర భాష నేర్చుకొని దానికి నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరిలో ఉంటూ, ఆ మాత్రం మర్యాద పాటించకపోతే ఎలా? మేము తీసుకున్నది పద్ధతిని మాత్రమే: ముందు చుట్టూ అంచు గీసుకోవడం, అక్కడి నుంచి లోపలికి నింపుకుంటూ రావడం, పుల్లలాంటి మనుషులు. విషయం మాత్రం మా వీధిదే. గోధుమరంగు అట్ట మీద తెల్లని బియ్యపు గీత ఎంత ముచ్చటగా కనిపిస్తుందో గీసి చూస్తే గాని తెలియదు. పిండి పలుచనైతే కారిపోతుంది, చిక్కనైతే ఆరి రాలిపోతుంది. చెంచాడు బంక కలిపితే నిలుస్తుంది. మా పెద్దది సంతకు వెళ్లే దారిని అలా గీసిన అట్ట ఇప్పుడు మా బియ్యం డబ్బా మీద మూత.

అదే పిండి మార్గశిరంలో గడపలోకి వస్తుంది. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు మా ఊరు ఇటు వచ్చింది, కూతవేటు దూరంలోని పాతపట్నం అటు, ఆంధ్ర వైపు, ఉండిపోయింది. లక్ష్మీదేవి మాత్రం రెండు వైపులా గురువారమే వస్తుంది. మేము ఆ రోజును లక్ష్మీవారం అంటాము, మావుసి మాణబసా గురుబారం అంటుంది. మాది పొడిముగ్గు, ఆమెది తడి ఝోటి. చిన్న గుడ్డపీలికను పిండినీళ్లలో ముంచి అరచేతిలో పట్టుకొని, మెల్లగా పిండుతూ ఉంటే నీళ్లు వేలి వెంట దిగి గీతగా పడతాయి. వరికంకులు, లక్ష్మీపాదాలు అలాగే వేస్తారు. పొడిముగ్గుకు పిల్లల వేళ్లు తొందరగా తిరగవు, ఝోటి మాత్రం ఆరేళ్ల పిల్లకు కూడా రెండో రోజే పట్టుబడుతుంది. పొరపాటు పడితే తడిగుడ్డతో తుడిచేయవచ్చు కూడా.

అంతకు ముందు నెలలో అరటిబోదె పడవలున్నాయి. కార్తీక పున్నమి తెల్లవారుజామున ఒడియా వారు బొయిత బందాణ చేస్తారు. వెనుకటి వర్తకులు ఓడలలో బాలి, జావా వంటి దీవులకు సాగిపోయిన జ్ఞాపకంగా చిన్న పడవల్లో తమలపాకు, వక్క, దీపం పెట్టి నీటిలో వదులుతారు. అది అయిన పదహారో రోజున, పోలి పాడ్యమి నాడు, మా అత్తయ్యగారు ముప్పై ఒత్తులు వేసి అరటిదొప్పను అదే ఏటిలో వదులుతారు. కనుక మేము పున్నమికే ఒక బోదెను తెచ్చి, పై దొప్పలు ఆవిడకు తీసి ఉంచి, లోపలి దొప్పలతో పడవలు చేస్తాము. మూరెడు దొప్పను రెండు కొసల్లో మడిచి కొబ్బరి చీపురుపుల్లతో గుచ్చితే చాలు. తెరచాపకు పాత క్యాలెండరు కాగితం. దీపం మధ్యలో కాకుండా కాస్త వెనక్కి పెట్టాలి, ముందుకు పెడితే మొదటి అలకే ముక్కు మునుగుతుంది.

కిందటి కార్తీకంలో మా చిన్నవాడు తన పడవలో తమలపాకుతో పాటు ఇంకేదో పెట్టడం చీకట్లో నేను చూడలేదు. పడవ మలుపు తిరిగాక, "తాతయ్య జావా వెళ్తున్నారు" అన్నాడు. నీలం రాజు వెళ్లిపోయాడు. అప్పటి నుంచి కట్టలో 47 ముక్కలే, ఆ రంగులో మంత్రే అందరికన్నా పెద్ద. ఈ చైత్రంలో మళ్లీ పిక్కలు వేయించాము, గుడ్డ అతికాము, ఒక కొత్త ముక్క ప్రస్తుతం సన్నికల్లు కింద ఆరుతూ ఉన్నది. దాని మీద ఎవరి బొమ్మ గీయాలన్నది ఇంకా తేలలేదు. మామయ్యగారు పడక కుర్చీలోంచి లేవకుండానే తన హక్కును గుర్తుచేస్తున్నారు. అత్తయ్యగారు మాత్రం మనవడిని దగ్గరకు పిలిచి, చింతపిక్కలు ఎవరు ఉంచమన్నారో ఒకసారి గుర్తుచేసుకోమంటున్నారు.