శక్తిమాన్ వెనకాల 25 పౌండర్: "ఇది ఫిరంగి కాదు" అని రాయించుకోవడానికి పడ్డ పాట్లు (నా అనుభవం)

నిన్న సాయంత్రం కాగితం చేతికొచ్చింది, సంతకం, సీలు, తేదీ అన్నీ ఉన్నాయి. కోపం పూర్తిగా చల్లారలేదు, అయినా ఇప్పుడే రాసేస్తున్నా, ఎందుకంటే పాత మిలటరీ బండి బాగుచేసుకుని దాని వెనక ఒక నమూనా గన్ కట్టాలనుకునేవాళ్లు మనలో ఒకరిద్దరున్నా ఈ గొడవ వాళ్లకి ముందే తెలియాలి.

బండి శక్తిమాన్. జర్మనీ మాన్ కంపెనీ లైసెన్సు మీద 1959 నుంచి జబల్‌పూర్‌లో మన సైన్యానికి తయారైన లారీ. వేలంలో బయటికొచ్చాక ఎక్కడో కలప లాగి లాగి ఆఖరికి ఒక సామిల్లు వెనకాల తుప్పు పట్టి పడుంటే కొన్నాను. ఇంజిను పని, క్యాబిన్ రేకుల పని గురించి రాయను, మంచి మెకానిక్కు, ఓపికా ఉంటే అయిపోతాయి. రంగు మాట మాత్రం గుర్తుపెట్టుకోండి. ఆలివ్ గ్రీన్ వేయకూడదు. సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్‌లో 121వ రూలు ఉంది, రక్షణ శాఖ బండ్లకి తప్ప ఇంకే బండికీ ఆ రంగు వేయకూడదని. "మాది పాత ఆర్మీ బండేనండీ" అంటే కుదరదు. నేను ఇసుక రంగు వేయించా, రాజస్థాన్ ఎడారిలో తిరిగిన బండిలా బాగానే ఉంది.

గన్ ఎందుకంటే, మా నాన్నగారి స్నేహితుడు ఒకాయన ఉన్నారు, నేను బాబాయ్ అని పిలుస్తా. గోల్కొండ ఆర్టిలరీ సెంటర్లో ట్రైనింగయ్యి హవల్దారుగా రిటైరయ్యారు. లారీ మొదటిసారి స్టార్టయిన రోజు చుట్టూ తిరిగి చూసి, వెనక హుక్ మీద చెయ్యేసి, "ఒరేయ్, ఇక్కడ ఇరవై ఐదు పౌండర్ ఉండాలిరా, ఇది లేకుండా బండి బోసిగా ఉంది" అన్నారు. అంతే, నాకు నిద్రపట్టలేదు.

తెలియనివాళ్లకి రెండు ముక్కలు. 25 పౌండర్ అంటే బ్రిటిష్‌వాళ్ల కాలపు ఫీల్డ్ గన్, గొట్టం లోపలి కొలత 87.6 మిల్లీమీటర్లు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా 1962, 1965, 1971 యుద్ధాల్లో మనవాళ్లు వాడింది ఇదే. 26 జనవరి పెరేడ్‌లో 21 గన్ సెల్యూట్ కొట్టింది కూడా చాలాకాలం ఈ గన్లే, 2023లో వాటిని తీసేసి మన దేశంలో తయారైన 105 మిల్లీమీటర్ల ఫీల్డ్ గన్ పెట్టారు. అంటే టీవీలో మనందరం చిన్నప్పటినుంచీ విన్న చప్పుడది. ఇవాళ గేట్ల ముందు సున్నమో సిల్వర్ పెయింటో పూసి నిలబెడితే పక్కనుంచి పోయేవాళ్లు పేరు కూడా అడగట్లేదు. నాకు దాని మీద బాధ ఉంది, దాచుకోను.

కట్టడం తేలికగానే జరిగింది. ఒక చోట గేటు ముందున్న అసలు గన్‌ని పర్మిషన్ అడిగి టేపు పెట్టి కొలుచుకున్నా, అడిగితే పాపం వాళ్లు టీ కూడా ఇచ్చారు. గొట్టానికి ప్లాస్టిక్ బోరు కేసింగ్ పైపు తీసుకుని, వెనక లావు, ముందు సన్నం వచ్చేలా దానిమీద రేకు చుట్టించా. మూతి దగ్గర ఒక మూరెడు 90 మిల్లీమీటర్ల పైపు ముక్క పెట్టి దాని వెనక కాంక్రీటు పోసేశా, అంటే గొట్టం అక్కడితో మూసుకుపోయింది. వెనక బ్రీచ్ (గుండు లోపలికి పెట్టి మూసే భాగం) మొత్తం టేకు చెక్క, మా వడ్రంగి చెక్కాడు. షీల్డుకి, అంటే గన్ ముందుండే అడ్డు పలకకి, 16 గేజి రేకు. టైర్లు 9.00-16, ట్రాక్టర్ ట్రాలీలకి వాడే సైజే కాబట్టి టౌన్లో దొరికేశాయి. కష్టమైంది ట్రైల్ ఒక్కటే, అంటే గన్ వెనక నేలకి ఆనే తోక, దానికి మధ్యలో మూపురంలా ఒక వంపు ఉంటుంది, ఆ వంపు రాకపోతే చూసినవాడెవడైనా బొమ్మ అనేస్తాడు. మా వెల్డర్ ఆ వంపుని ప్లేటు కోసి కోసి అతికించి తెచ్చాడు, గర్వంగా చెప్తున్నా, అసలు గన్ ఫొటో పక్కన పెట్టి చూసుకోండి, తేడా పట్టుకోలేరు. బాబాయ్ మాత్రం ఎడమ పక్కన సైట్ (గురిచూసే పరికరం) ఉండాల్సిన చోటు అంగుళంన్నర కిందకుందని పట్టుకుని మార్పించారు. లేయర్, అంటే గురిపెట్టేవాడు, ఎడమ వైపే కూర్చుంటాడు, గన్ తిప్పడం, ఎత్తడం, గురిచూడడం మొత్తం ఆయనొక్కడే అక్కణ్ణుంచే చేసుకోవాలి, ఆ చోటు తప్పితే ఇంక గన్ ఏంటి అన్నారు. నిజమే.

ఇంక అసలు సంగతి.

వెల్డింగ్ షాపు బయట షీల్డూ గొట్టమూ కలిపి పెట్టిన రోజు ఎవడో ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టాడు, "మన ఊళ్లో ఫిరంగి తయారవుతోంది" అని. తెల్లారేసరికి ఇద్దరు కానిస్టేబుళ్లు మా గుమ్మంలో. సరే రమ్మన్నారు కదా చూపిద్దాం, చెప్దాం అని కొలతల పుస్తకం, బిల్లులు, బాబాయ్ డిశ్చార్జి బుక్కు కాపీ అన్నీ పట్టుకుని వెళ్లా. స్టేషన్లో నన్ను బెంచీ మీద కూర్చోబెట్టారు, పక్కన మోటార్లు దొంగిలించి దొరికిన కుర్రాళ్లు. మధ్యాహ్నం దాకా ఎవరూ పలకరించలేదు. పలకరించాక మొదటి మాట "ఎవరికి చేస్తున్నావ్?" నాకు యాభై దాటాయి, మా ఊళ్లో నన్ను నువ్వు అనేవాళ్లు మా ఇంట్లో పెద్దవాళ్లే. ఎవరికీ కాదండీ, లారీ వెనక పెట్టి 15 ఆగస్టుకి స్కూలు పిల్లలకి చూపించడానికి అంటే, "పిల్లలకి ఫిరంగులు చూపిస్తావా" అని గదమాయింపు. బిల్లు చూపించా, ఇది బోరు పైపండీ అని. చూడలేదు. గొట్టాన్ని ట్రాక్టర్ మీద వేయించి స్టేషన్‌కి తెప్పించారు. దాన్ని గేటు దగ్గర పడేస్తే వచ్చేపోయేవాళ్లు దాంతో సెల్ఫీలు, నేను లోపల బెంచీ మీద. మా ఆవిడ ఫోన్ చేస్తే ఎత్తనివ్వలేదు. మా అబ్బాయి పరిగెత్తుకొచ్చి గేటు బయట నిలబడి నన్ను చూసిన చూపు నేను మర్చిపోలేను.

సాయంత్రం ఒకాయన ఆర్మ్స్ యాక్ట్ తీసి చదివారు. 1959 చట్టంలో రెండో సెక్షన్లో ఫైర్ఆర్మ్ (పేలే ఆయుధం) అంటే ఏంటో రాసినచోట ఫిరంగులతోపాటు, ఫిరంగిని మోసే క్యారేజీలు, ప్లాట్‌ఫారాలు కూడా ఫైర్ఆర్మ్ కిందే లెక్క అని ఉంది. "గొట్టం ప్లాస్టికైతే ఏంటి, చక్రాలూ ట్రైలూ ఇనుమే కదా, అదే క్యారేజి" అన్నారు. నాకు మాట రాలేదు ఒక నిమిషం. తర్వాత అన్నాను, ఏవండీ, క్యారేజి అంటే ఫిరంగిని మోసేది, ఇక్కడ మోయడానికి ఫిరంగే లేదు, కాంక్రీటు పోసిన బోరు పైపుంది, అదే చట్టంలో ఆరో సెక్షన్ చూడండి, నకిలీ తుపాకీని నిజం తుపాకీగా మార్చాలంటే లైసెన్సు కావాలన్నారు, అంటే నకిలీ వేరు నిజం వేరు అని చట్టమే ఒప్పుకుంది కదా అని. దానికి ఆయన జవాబు, "ఇది ఫైర్ఆర్మ్ కాదని రాయించుకురా, వదిలేస్తాం."

ఎవరు రాస్తారు? అదీ ప్రశ్న. లైసెన్సులు చూసే సెక్షన్‌కి వెళ్తే అక్కడి గుమాస్తా, "తుపాకీ ఉంటే అప్లై చెయ్యండి, తుపాకీ కాదంటే మా దగ్గరకెందుకొచ్చారు" అన్నాడు. కాదు అని రాసివ్వండి అంటే, కానిదానికి ఫారం లేదు అన్నాడు. మళ్లీ స్టేషన్‌కి, మళ్లీ ఆ సెక్షన్‌కి. మధ్యలో ఒక బ్రోకర్ తగులుకున్నాడు, డబ్బిస్తే "థియేటర్ సెట్టింగ్" అని కాగితం పుట్టిస్తానని. ఒక్క రూపాయి ఇవ్వలేదు. ఇచ్చుంటే నేనేదో తప్పు చేసినట్టు ఒప్పుకున్నట్టే, మీరూ ఇవ్వకండి.

మాధవరంలాంటి ఊళ్లున్న గోదావరి జిల్లాలండీ మనవి, మిలటరీ మాధవరం అని పేరే పడిపోయింది, తరతరాలుగా ఇంటి నుంచి ఒకరైనా సైన్యంలోకి వెళ్లినవాళ్లు. అలాంటి చోట డెబ్బై దాటిన గన్నర్, మా బాబాయ్, స్టేషన్‌కి వచ్చి, "అయ్యా, ఈ గన్‌లో ముందు షెల్ (గుండు) తోసి, తర్వాత వేరేగా కార్ట్రిడ్జి (మందు డొక్కు) పెడతారు, ఇందులో షెల్ పట్టే దారే లేదు, చూడండి" అని వివరంగా చెప్తుంటే కుర్చీ కూడా చూపించలేదు. నన్ను అన్నది పోనీ, అది మాత్రం నేను క్షమించను.

చివరికి దారి చూపించింది బాబాయే. పోలీసుల్లో ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో ఆర్మరర్లు ఉంటారు, తుపాకులు విప్పి బాగుచేసేవాళ్లు, ఇది పేలుతుందో లేదో చెప్పాల్సింది వాళ్లేగానీ గుమాస్తాలు కాదు అన్నారు. పై అధికారికి అర్జీ పెట్టా, ఆర్మరర్ చేత తనిఖీ చేయించండి అని. రసీదు తీసుకున్నా, అది ముఖ్యం, రసీదు లేని అర్జీ పెట్టనట్టే. వచ్చిన ఆర్మరర్ పెద్దాయన గొట్టం మీద వేలితో కొట్టి విన్నారు, మూతిలోంచి కడ్డీ పెట్టి కాంక్రీటు తగలడం చూశారు, బ్రీచ్ చెక్కని గోటితో గీరారు, "భలే చేయించారండీ" అన్నారు. గారూ, అండీ అని మాట్లాడిన మొదటి మనిషి. పేలే అవకాశం లేని ప్రదర్శన నమూనా అని రాశారు. నిన్న వచ్చిన కాగితం అదే.

కాబట్టి మొదలుపెట్టేముందే స్టేషన్లో ఒక అర్జీ ఇచ్చి రసీదు పెట్టుకోండి. గొట్టం మూసేటప్పుడు, కాంక్రీటు పోసేటప్పుడు ఫొటోలు, వీడియో తీయండి, నాకు అవే పనికొచ్చాయి. ఇనుప గొట్టం జోలికి అసలు పోకండి, ఎంత అందంగా ఉన్నా సరే. వాట్సాప్ గ్రూపులున్న వెల్డింగ్ షాపు బయట పెట్టకండి.

ఇంకొకటి. గన్‌ని రోడ్డు మీద లారీకి తగిలించి లాగితే అది చట్టం దృష్టిలో ట్రైలర్, మోటార్ వెహికల్స్ యాక్ట్ ప్రకారం ట్రైలర్ కూడా మోటార్ వెహికలే, రిజిస్ట్రేషన్ కావాలి, ఆలివ్ గ్రీన్ రూలు దానికీ వర్తిస్తుంది. ఇంకో ఆఫీసు మెట్లెక్కే ఓపిక నాకు లేదు. గ్రౌండ్ దాకా డీసీఎంలో వేసుకెళ్లి, లోపలికెళ్లాక లారీకి తగిలిస్తాం. బాబాయ్‌కి నచ్చలేదు, గన్‌ని సరుకులా మోసుకెళ్తారా అంటున్నారు, కానీ ఒప్పుకున్నారు.

ఇప్పుడు లింబర్ మొదలుపెట్టాం, లారీకీ గన్‌కీ మధ్యలో ఉండే గుండ్ల పెట్టె, 32 రౌండ్లు పట్టేది. బయటి కొలతలు దొరికాయి, లోపలి అరల కొలతలు కావాలి. మీ ఊళ్లో ఏ గేటు ముందైనా లింబర్‌తో సహా ఉన్న గన్ కనిపిస్తే, పర్మిషన్ అడిగి, తలుపు తెరిచి ఒక ఫొటో తీసి పెట్టండి.