పులిరాజా జోకు

బుర్రకథలో నాది హాస్యం వంత. ఎప్పుడూ చూడనివారి కోసం ఒక మాట: నడుమ తంబూర పట్టుకుని, చేతి అందెలు మోగిస్తూ అడుగులు వేసేవాడు కథకుడు. అతనికి రెండు పక్కలా గుమ్మెటలు వాయించేవాళ్లు వంతలు. ఒక వంత రాజకీయం చెబుతాడు, రెండో వంత నవ్విస్తాడు. నవ్వించేవాడు దేని మీదైనా మాట విసరవచ్చు, రాజు మీదైనా సరే. ఆ చనువు నేను ఒకసారి ఎవరి మీద వాడానో ఇన్నాళ్లకు రాస్తున్నాను.

2004 నాటికి మాకు కథలు తగ్గిపోయాయి. శ్రీరామనవమి పందిళ్లలోకి ఆర్కెస్ట్రాలు వచ్చాయి. మా కథకుడు మా పెదనాన్నే. రాజకీయం వంత మా బావ. ముగ్గురం పత్తి చేలల్లో కూలికి పోతున్న రోజుల్లో, ఎయిడ్స్ మీద కథలు చెప్పడానికి ఒక స్వచ్ఛంద సంస్థ గుంటూరులో దళాలను వెతుకుతోందని కబురొచ్చింది. ప్రదర్శనకు మనిషికి 150 రూపాయలు, బస్సు చార్జీలు వేరే. "పల్నాటి యుద్ధమైతే ఏమిరా, పాడు రోగమైతే ఏమిరా, తాళం తాళమే" అని బయలుదేరదీశాడు పెదనాన్న.

నాలుగు రోజులు శిక్షణ. హెచ్‌ఐవీ ఎలా వస్తుందో, ఎలా రాదో ఒక డాక్టరు గారు బోర్డు మీద బొమ్మలు గీసి చెప్పారు. ఆ రోజుల్లో గర్భిణుల రక్తపరీక్షల్లో నూటికి ఒకరిని మించి ఈ వైరస్ బయటపడుతున్న రాష్ట్రాల్లో మనదొకటి. అంతవరకు బాగానే ఉంది. కండోమ్‌కు వాడే 'నిరోధ్' అన్న మాట దగ్గర బండి ఆగింది. ఆడవాళ్ల ముందు ఆ మాట తన నోట రాదని పెదనాన్న మొండికేశాడు. శిక్షణ ఇచ్చే అమ్మాయికి పాతికేళ్లు ఉంటాయేమో. హాల్లో ఉన్న అందరినీ నిలబెట్టి ఆ మాటను పదిసార్లు గట్టిగా అనిపించింది. ఏడోసారికి పెదనాన్నకే నవ్వొచ్చింది. పదోసారికి దాన్ని దరువులో పెట్టేశాడు.

ఈ డబ్బంతా ఎవరిదని ఆయనే అడిగాడు. దేశంలో మొదటి ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం 1992లో ప్రపంచ బ్యాంకు ఇచ్చిన 8.4 కోట్ల డాలర్ల అప్పుతో మొదలైందని, 2003 నుంచి గేట్స్ ఫౌండేషన్ 'ఆవాహన్' పేరుతో మనతో కలిపి ఆరు రాష్ట్రాల్లో దానంగా ఖర్చు పెడుతోందని ఆ అమ్మాయి చెప్పింది.

"దానం సరేనమ్మా. ఆ అప్పు ఎవరు తీర్చాలి?"

"మనమే, బాబాయి గారూ."

"అయితే మన డబ్బుతోనే పాడుతున్నామన్నమాట. గొంతు దాచుకోకూడదు."

ప్రతి ప్రదర్శనకూ మూడు కాపీల ఫారం ఉండేది. ఊరి పేరు, తేదీ, వచ్చిన మగవాళ్లు ఎందరు, ఆడవాళ్లు ఎందరు, సర్పంచి సంతకం, రిమార్కులు. జనాన్ని ఎవరు లెక్కపెడతారు? గుమ్మెట వాయిస్తూ కంటి అంచనాతో నేనే వేసేవాణ్ణి.

ఆ కాలంలో ఎయిడ్స్ ప్రకటనల్లో ఎక్కడ చూసినా ఒకటే ప్రశ్న: "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" గోడల మీద, హోర్డింగుల మీద, టీవీలో అదే. ఎవరీ పులిరాజా అని టీ కొట్ల దగ్గర వాదించుకునేవారు. ఎయిడ్స్ అన్న మాటను జనం నోట పలికించిన ఘనత దానిదే, కాదనను. హాస్యం వంతకు అంతకన్నా ఏం కావాలి? పెదనాన్న "ఏమిరా, పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అని అడగగానే నేను గుమ్మెట పక్కన పెట్టి, నడుం వంచి, మీసం దువ్వుకుంటూ పులి నడక నడిచేవాణ్ణి. నాలుగడుగులు వేసి డీలాపడి, కాళ్లీడ్చుకుంటూ వెనక్కి వచ్చేవాణ్ణి. ఏ ఊళ్లోనైనా పగలబడి నవ్వేవారు.

చిలకలూరిపేట దగ్గర ఒక ఊళ్లో రామాలయం ముందు ఇదే చేశాను. హైవేకు దగ్గర ఊరు, సగం ఇళ్లలో లారీ మీద బతికేవాళ్లే. పులి కాళ్లీడ్చే చోట జనం నవ్వారు, కానీ నా వైపు చూస్తూ కాదు. తలలన్నీ వెనక్కి తిరిగాయి. ట్యూబులైటు వెలుగు సరిగా అందని చోట ఒకామె ఆరేడేళ్ల పిల్లవాడితో కూర్చుని ఉంది. ఆమె చుట్టూ చాప పరిచేంత ఖాళీ. మిగతా జనమంతా మోకాలికి మోకాలు తగిలేలా కూర్చున్నారు. ఆమె లేచి, పిల్లవాడి చేయి పట్టుకుని, తొందరేమీ లేకుండా వెళ్లిపోయింది.

కథ అయ్యాక అంగన్‌వాడీ టీచరు చెప్పింది. ఆమె భర్త లారీ క్లీనరు, ఏడాది కింద పోయాడు. అందరి బిందెలూ నిండాకే ఆమె కుళాయి దగ్గరికి రావాలి. బడిలో పిల్లవాణ్ణి వేరే కూర్చోబెడతారు. వాణ్ణి పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరట. "పులిరాజా కొడుకు" అంటారట.

ఆ రాత్రి బడి వరండాలో పడుకున్నాం. పెదనాన్న నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే నిద్ర పట్టేది.

పొద్దున్నే తంబూర భుజాన వేసుకుని ఆయన నేరుగా ఆమె ఇంటికి నడిచాడు. అది కుళాయికి పోయే దారి, బిందెలతో ఆడవాళ్లు వస్తూ పోతూ ఉన్నారు. "అమ్మాయీ, రాత్రంతా పాడి గొంతు ఎండిపోయింది. కాసిని మజ్జిగ ఉంటే పోస్తావా?" అన్నాడు. ఆమె చాలాసేపు గుమ్మంలోనే నిలబడిపోయింది. తరువాత లోపలికి వెళ్లి మూడు స్టీలు గ్లాసులతో వచ్చింది. పెదనాన్న వీధిలోనే నిలబడి, గ్లాసు ఎత్తిపట్టకుండా, పెదవి ఆనించి తాగాడు. బావ తాగాడు. నా వంతు వచ్చింది. ఒకే గ్లాసులో తాగితే రాదు, ఒకే కంచంలో తింటే రాదు, దోమ కుడితే రాదు అని అప్పటికి నలభై ఊళ్లలో పాడినవాణ్ణి. నా చేయి గాలిలో ఆగింది. రెండు క్షణాలే. ఆమె చూసింది. తాగాను. మజ్జిగలో ఉప్పు ఎక్కువైంది, అల్లం కూడా దంచి వేసింది.

ఆ సాయంత్రం వేరే ఊళ్లో ప్రదర్శన ఉంది, వెళ్లిపోయాం. పులి నడక మాత్రం మళ్లీ నడవలేదు. దాని బదులు చేయి ఆగినవాడి కథ పెట్టాను. మైకులో "ముట్టుకుంటే రాదు" అని గొంతు చించుకుని, మజ్జిగ గ్లాసు దగ్గర వణికిపోయే బుర్రకథవాడు. ఆ వేషం వేయడానికి నాకు సాధన అక్కరలేకపోయింది. పులికన్నా దీనికే ఎక్కువ నవ్వారు. ఆడవాళ్లు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకునేవారు.

అయితే ఊళ్లు మారింది మా పాట వల్లే అనుకుంటే అది గొప్పలు చెప్పుకోవడమే. 2004 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. మొదట కొన్ని పెద్ద ఆసుపత్రుల్లోనే దొరికేవి, మెల్లగా మా వైపుకూ వచ్చాయి. మంచం పట్టినవాడు ఆరు నెలలకు లేచి మిరపకోతకు వస్తే ఇక వాడికి దూరంగా కూర్చునేదెవరు? కళ్లెదుట పని చేస్తున్న మనిషిని మించిన దరువు లేదు. మా కథలో మందుల చరణం చేర్చాక, ఎక్కడ ఇస్తారని కథ మధ్యలోనే లేచి అడిగినవాళ్లున్నారు.

తరువాత ఆవాహన్ పనులు విడతలవారీగా ప్రభుత్వానికి అప్పగించారు. మాకు పిలుపులు తగ్గి, ఆగిపోయాయి. పెదనాన్న పోయారు. 2025లో అమెరికా తన విదేశీ సహాయాన్ని ఆపేసిందన్న వార్త చదివినప్పుడు నాకు ముందు తట్టింది ఆ అప్పు ప్రశ్నే. 2021-26 కార్యక్రమానికి మన కేంద్రం 15,471 కోట్లు కేటాయించుకుంది కాబట్టి ఇక్కడ మందులు ఆగలేదు. ఆఫ్రికాలో అమెరికా డబ్బు మీదే నడిచిన క్లినిక్‌లు కొన్ని మూతపడ్డాయి.

మొన్న అటక సర్దుతుంటే గుమ్మెట సంచిలో ఆ ఊరి ఫారం కార్బన్ కాపీ దొరికింది. మగవారు 140, ఆడవారు 180. సర్పంచి సంతకం ఉంది. రిమార్కుల దగ్గర నా దస్తూరీతోనే "కార్యక్రమం విజయవంతం" అని ఉంది. ఆ 180లో ఆమెను కలిపానో లేదో గుర్తు రావడం లేదు.