చీలిన అనిమోన్‌లో నా వాటా

కొంపల్లిలో ఒక ఇంట్లో నాలుగడుగుల ఉప్పునీటి ట్యాంకు నేనే చూసుకుంటాను. వారానికోసారి వెళ్లి నీళ్లు మార్చి, గాజు తుడిచి, పంపులు కడిగి వస్తాను. అందులో ఎర్రటి రోజ్ బబుల్ టిప్ అనిమోన్ ఒకటి ఉంది, రాయికి అతుక్కుని పువ్వులా కనిపించే సముద్ర ప్రాణి. పోయిన నెల నేను వెళ్లేసరికి అది రెండుగా చీలింది. ఒకటి రాయి పైన ఉంటే, ఇంకోటి జానెడు దూరం జరిగి పగుల్లో కాలు ఆనించుకుని కూర్చుంది. ఇంటాయన ఆఫీసుకి వెళ్లాడు. వాళ్లమ్మ సోఫాలోంచి లేచి వచ్చి కాసేపు చూసింది. నేను అడగకుండానే, "రెండైనయి గద బిడ్డా. నీ చేతుల మీద పెరిగింది, ఒకటి నువ్వు తీస్కపో" అన్నది. సార్‌ని అడగాలి కదమ్మా అంటే, "వానికేం తెలుసు, చేసేటోనివి నువ్వు" అంది. సాయంత్రం ఆయనకి ఫోన్ చేస్తే, అమ్మ చెప్పింది కదా, తీసుకో అన్నాడు.

మామూలుగా ఇది చిన్న విషయం. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దుబాయిలో ఇదే పని చేస్తూ, ఇదే సంగతి మీద, ఇదే జాతి అనిమోన్ గురించి నేను పడిన మాట ఒకటుంది. అది ఇన్నేళ్లయినా మనసులోంచి పోలేదు.

అక్కడ మా కంపెనీ విల్లాల్లో, హోటల్ లాబీల్లో ట్యాంకులు పెట్టి మెయింటెనెన్స్ చేసేది. పొద్దున్నే వ్యాన్‌లో ఉప్పునీళ్ల డ్రమ్ములు ఎక్కించుకుని బయల్దేరితే, అల్ ఖూజ్‌లో రూముకి చేరేసరికి రాత్రయ్యేది. వెళ్లేముందు నాకు చేపలంటే జగిత్యాల పక్కన మా ఊరి చెరువులో దొరికే రవ్వ, బొచ్చె. అంతే. పని మొత్తం నాకు ఒక ఫిలిప్పీన్స్ అన్న నేర్పాడు. మంచినీళ్లు 1 అనుకుంటే ఉప్పునీళ్ల చిక్కదనం 1.025 దగ్గర నిలబెట్టడం, 26 డిగ్రీల వేడి దాటనీయకపోవడం, ట్యాంకులో చెయ్యి పెట్టే ముందు సబ్బు వాసన కూడా లేకుండా కడుక్కోవడం.

జుమేరాలో ఒక విల్లాకి వెళ్తే అక్కడ అనిమోన్ తెల్లగా పాలిపోయి ఉంది. ఆ ఇంటి మేడం చచ్చిపోయిందనుకుని తీసి పారేయమంది. తెల్లబడినంత మాత్రాన అది చచ్చినట్టు కాదు. దాని ఒంట్లో కంటికి కనిపించని నాచు కణాలుంటాయి. అవి వెలుతురు తాగి తిండి తయారుచేసి దానికి పెడతాయి. నీళ్లు వేడెక్కినా, లైటు తేడా వచ్చినా ఆ కణాలు వెళ్లిపోతాయి, రంగు పోతుంది, ప్రాణం మాత్రం ఇంకా ఉంటుంది. నేను లైటు తగ్గించి, రొయ్య ముక్కని గోరంత చేసి, పటకారుతో నోటి దగ్గర పెట్టేవాణ్ని. పెద్ద ముక్క పెడితే అరగక ఉమ్మేస్తుంది. సెలవు రోజున కూడా బస్సెక్కి వెళ్లి చూసొచ్చేవాణ్ని. నెలలు పట్టింది. ముందు లేత గోధుమ రంగు వచ్చింది, తర్వాత కొసలు ఉబ్బి ఎర్రబడ్డాయి. ఒకరోజు చూస్తే పాదం రెండు వైపులా లాక్కుంటోంది. మర్నాటికి రెండయ్యాయి.

షాపు వెనకాల మాకు ఒక చిన్న ట్యాంకు ఉండేది. అందులో పెట్టుకుంటాను, ఒకటి నాకివ్వండి అని సూపర్‌వైజర్‌ని అడిగాను. అందరి ముందూ, "సాలరీ మిల్తీ హై నా? ఔర్ క్యా చాహియే?" అన్నాడు, జీతం వస్తోందిగా, ఇంకేం కావాలని. కొత్త ముక్కని షాపుకి తెప్పించి గాజు మీద ధర చీటీ అంటించారు. కొద్ది రోజులకే అది ఇంకో విల్లాకి అమ్ముడుపోయింది. దాన్ని అక్కడ రాయి మీద కూర్చోబెట్టడానికి పంపింది కూడా నన్నే.

ఆయన అన్నదాంట్లో న్యాయంగా తప్పేం లేదు. ట్యాంకు వాళ్లది, అనిమోన్ కొన్న డబ్బు వాళ్లది. నా జీతం ఒక్క నెల కూడా ఆగలేదు. ఇదంతా ఒప్పుకుంటాను. కానీ జీతం ఇచ్చింది గాజు తుడిచినందుకు, నీళ్లు మార్చినందుకు. పారేయమన్న ప్రాణిని లేపి నిలబెట్టిన పని ఏ జీతంలో ఉంది? దాని లెక్క ఎవరూ కట్టలేదు, కట్టాలని కూడా ఎవరికీ తోచలేదు.

మా ఊళ్లో మేకల్ని పాలుకిస్తారు, అంటే వాటాకి. కొన్నది ఒకరు, మేపేది ఒకరు, పిల్లలు చెరిసగం. మా తాత చేతిలో పైసా లేకుండా మొదలుపెట్టి అట్లాగే సొంత మంద చేసుకున్నాడు. మేపడం తెలిసినోడు కొన్నేళ్లకి తనూ ఒక ఆసామి అవుతాడు. నేను అక్కడ ఎంత పని నేర్చినా ఏ ఏటికాయేడు జీతగాణ్నే. అన్నేళ్లూ నా చేతుల మీద చీలిన అనిమోన్లు దుబాయిలో ఎన్ని ఇళ్లల్లో ఉన్నాయో, వాటిలో ఒక్కటి కూడా నాది కాదు. నాకు మిగిలింది జీతం డబ్బులు. అవి ఇంటి అప్పుకి, చెల్లె పెళ్లికి పోయాయి.

మా బావ కువైట్‌లో డ్రైవర్‌గా చేసి వచ్చాడు. ఈ మాటలు ఆయన దగ్గరంటే ఒప్పుకోడు. "పాలుకు తెచ్చిన మేకలు రోగమొచ్చి పడిపోయినప్పుడు మీ తాత ఏం తిన్నడో అడిగినవా? జీతగానికి ఆ భయముండదు" అంటాడు. నిజమే. ఒక హోటల్ లాబీలో రాత్రిపూట అనిమోన్ నడుచుకుంటూ వెళ్లి పంపులో పడింది. పంపు నోటికి స్పాంజి గట్టిగా కట్టినా, ఎవరో శుభ్రం చేసేటప్పుడు ఊడదీశారు. అది ముక్కలై, నీళ్లన్నీ విషమై, పొద్దున్నకి సగం చేపలు తేలాయి. నా జీతంలో ఒక్క దిర్హం కోయలేదు. అదే పాలు అయితే నా వాటా కూడా మునిగేది. బావ మాటకి నా దగ్గర జవాబు లేదు. అయినా అడిగితే మాత్రం నేను పాలునే కోరుకుంటాను.

ఎందుకంటే తర్వాత జరిగింది ఇంకా బాధ పెట్టింది. చీలితే డబ్బు వస్తుందని తెలిశాక కంపెనీ ఆగలేదు, కోయమంది. కోయడం తప్పు కాదు, బబుల్ టిప్ తట్టుకుంటుంది. అసలు అది తనంతట తానే చీలే జాతి. కానీ దానికో పద్ధతి ఉంది. ముందురోజు నుంచి తిండి పెట్టకూడదు. రాయి మీంచి పాదాన్ని గోటితో గీకి లాగకూడదు. రాయి వెనక వైపు ఐసు ముక్క ఆనిస్తే ఆ చల్లదనానికి అదే పట్టు వదులుతుంది. ట్యాంకు నీళ్లతో తడిపిన పలక మీద బోర్లా కాకుండా నోరు పైకి ఉండేలా పెట్టి, కొత్త బ్లేడుతో సరిగ్గా నోటి మధ్యనుంచి పాదం దాకా ఒకే వేటున కోయాలి. రంపంలా ముందుకీ వెనక్కీ అంటే ఒళ్లు చిరుగుతుంది. రెండు ముక్కలకీ నోరు కొంచెం రావాలి, అదే ముఖ్యం. కోసిన చోట జిగురు, లోపలి తెల్లటి దారాలు బయటికొస్తాయి. చూడటానికి భయమేస్తుంది. చేతికి గ్లౌజులు, కళ్లకి అద్దాలు లేకుండా ఆ జిగురు జోలికి పోకూడదు. తర్వాత చిల్లుల డబ్బాలో పెట్టి అదే నీళ్లలో వదిలితే, కోసిన అంచులు లోపలికి ముడుచుకుని ఒకదాన్నొకటి అంటుకుంటాయి. వారం పది రోజులకి నోరు గుండ్రంగా అవుతుంది. అప్పటిదాకా తిండి మాటే ఎత్తకూడదు.

అరచేయంత అయ్యేదాకా మళ్లీ బ్లేడు పెట్టకూడదని ఆ ఫిలిప్పీన్స్ అన్న చెప్పాడు. షాపులో మాత్రం ఆర్డరు ఉంది కోయి అనేవాళ్లు. మానీ మానని వాటిని మళ్లీ కోస్తే కరిగిపోయేవి. కరిగిన అనిమోన్ వాసన ఒకసారి చూసినవాళ్లు మర్చిపోరు. అందులో నాకు సగం వాటా ఉండి ఉంటే ఆ పని చెయ్యనిచ్చేవాణ్నా? మేకని పాలుకి మేపేవాడు పాలు మరవని పిల్లని కోతకి ఇవ్వడు. నా మాట చెల్లేది కాదు కాబట్టి నేను కోశాను.

ఈ ప్రాణికి ముసలితనం ఉన్నట్టు కనపడదు. 1828లో స్కాట్లాండ్ ఒడ్డున సర్ జాన్ డాలియెల్ అనే ఆయన ఒక అనిమోన్‌ని తెచ్చి గాజు జాడీలో పెంచాడు. అది చీలే జాతి కాదు, పిల్లల్ని నోట్లోంచి వదిలే రకం. వందల పిల్లల్ని పెట్టింది. ఆయన 1851లో చనిపోయాడు. అది మాత్రం ఒకరి తర్వాత ఒకరి చేతిలోకి మారుతూ ఎడిన్‌బరోలో 1887 దాకా బతికింది. జనం దానికి గ్రానీ అని పేరు పెట్టారు. తెచ్చినాయన పోయాక 36 ఏళ్లు దానికి నీళ్లు మార్చింది వేరేవాళ్లు. అది ఎవరిదంటే ఎవరి పేరు చెప్పాలి? నేనైతే నీళ్లు మార్చినవాళ్ల పేర్లు కూడా చెప్తాను.

హైదరాబాద్‌లో ఈ పని అక్కడికంటే చాలా కష్టం. అక్కడ కరెంటు పోవడం నేను చూడలేదు. ఇక్కడ ఎండాకాలం సాయంత్రం గాలివాన వస్తే ముందు నా ఫోను మోగుతుంది. పంపు ఆగితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, నీళ్లని చల్లబరిచే చిల్లర్ ఆగితే వేడి ఎక్కుతుంది. బోరు నీళ్లు పనికిరావు, నల్లా నీళ్లని కూడా టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాల లెక్క, సున్నాకి వచ్చేదాకా వడగట్టాలి. సముద్రం మనకి వందల కిలోమీటర్ల దూరం, కాబట్టి ప్రతి లీటరుకీ 35 గ్రాములకి పైనే ఉప్పు కొనాలి. పగడాలు కావాలని అడిగేవాళ్లకి నేను పెట్టనని చెప్తాను. రాతి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, పులితో సమానం. అనిమోన్, క్లౌన్ చేపల జంట చాలు, ఇల్లంతా వాటి చుట్టే చేరుతుంది.

జీతం లాగా ఇక్కడ డబ్బు తేదీకి రాదు. ఫోన్ ఎత్తని కస్టమర్లున్నారు. ఆ సంగతిలో దుబాయే నయం, బావ ముందు కూడా అదే ఒప్పుకున్నాను. కానీ "నీ చేతుల మీద పెరిగింది" అని అక్కడ నాతో ఎవరూ అనలేదు.

అందుకే ఇప్పుడు ఏడాది ఒప్పందం రాసుకునేటప్పుడు ఒక లైను కలుపుతున్నాను. అనిమోన్ చీలితే మొదటిది ఇంటివాళ్లది, తర్వాత వచ్చినవాటిలో సగం నాది, నా నిర్లక్ష్యం వల్ల చస్తే కొత్తది నేనే తెచ్చిపెడతాను. మణికొండలో ఒకాయన ఆ లైను కొట్టేసి సంతకం పెట్టాడు. ఆయన ట్యాంకు మామూలుగానే చూస్తాను, కోయమంటే మాత్రం కోయను. నిజాంపేటాయన టీ తాగుతూ అరగంట బేరమాడాడు. కరెంటు పోయి, ఇన్వర్టర్ పనిచేయక చస్తే ఆ నష్టం ఎవరిదని అడిగాడు. ఇన్వర్టర్ బ్యాటరీ మీ పూచీ, పంపులు నా పూచీ అని తేల్చుకుని అదీ కింద రాశాం. మిగతా ఇళ్ల కాగితాల్లో కూడా ఈసారి అట్లాగే రాయాలి.