గుప్తనిధులు కాదు, జారిపడ్డ వెండి రూపాయలు

మెటల్ డిటెక్టర్ పట్టుకుని గుంటూరు జిల్లాలో ఏ ఊళ్ళో దిగినా మొదట వచ్చే ప్రశ్న ఒకటే: "గుప్తనిధుల కోసమా బాబూ?" ఇక గుడి వెనక రావిచెట్టు కింద బిందె ఉందనీ, దానికి పాము కాపలా ఉందనీ, ఎవరో రాత్రిపూట తవ్వబోయి రక్తం కక్కుకున్నారనీ కథలు మొదలవుతాయి. వినడానికి బాగుంటాయి. కానీ నేను చూసినంతలో వెండి ఉండేది కథలున్న చోట కాదు, డబ్బు చేతులు మారిన చోట. కూలి డబ్బులిచ్చిన అరుగు ముందు, పశువుల కొట్టం గుమ్మంలో, పాత సంత జరిగిన దిబ్బ మీద. రొంటిన దోపుకున్న రూపాయి వంగి పని చేసేటప్పుడే కదా జారేది!

మా మేనమామది తెనాలి దగ్గర పల్లె. పెంకుటిల్లు పడగొట్టి కొత్తది కడదామని ఆయన అనుకుంటుంటే, పునాదులు తీయకముందే పెరడంతా ఒకసారి చూస్తానని అడిగాను. "చూసుకోరా అల్లుడూ, దొరికితే నా వాటా మాత్రం మర్చిపోకు" అన్నాడు.

అక్కడంతా నల్లరేగడి. ఎండాకాలంలో గడ్డపార దిగదు, నేల నెర్రెలు విచ్చి పైనున్న చిల్లరను లోపలికి లాగేసుకుంటుంది. అందుకే తొలకరి పడేదాకా ఆగాను, తడి నేలలో సిగ్నల్ కూడా బాగా వస్తుంది. మిషన్ చేసే పని పెద్ద మాయేం కాదు. కింది రింగు నుంచి వెళ్ళే అయస్కాంత క్షేత్రం వల్ల లోహంలో చిన్న కరెంటు పుడుతుంది, దాని జవాబును మిషన్ పట్టుకుంటుంది. వెండిలో కరెంటు బాగా పారుతుంది కాబట్టి తెర మీద నంబరు పైకి పోయి సన్నగా కీచుమంటుంది, ఇనుప మేకు అయితే గుర్రుమంటుంది. రూపాయంత నాణెం జానెడు లోతు దాటితే మామూలు మిషన్‌కు అందదు.

మేకులు, ఎద్దుల నాడాలు, సోడా మూతలు ఒక బక్కెట్ నిండాక కొట్టం గుమ్మం దగ్గర ఒక చిన్న బిళ్ళ బయటపడింది, చిటికెన వేలి గోరు కంటే కాస్త పెద్దది. 1917 నాటి వెండి బేడ, అంటే రెండణాలు. మరుసటి ఏడాది నుంచి బేడలో వెండి మానేసి రాగి, నికెల్ కలిపి కొట్టారు. దానికి కాస్త అవతల ఇంకో కీచు. మట్టిపెళ్ళ విరిస్తే ముందు అంచున గాట్లు కనిపించాయి, బొటనవేలితో తుడిస్తే గడ్డం, కిరీటం, ఐదో జార్జి. 1918 రూపాయి. రాజుగారి అంగీ మీద బుల్లి ఏనుగు ఉంటుంది, 1911లో కొట్టినప్పుడు అది పందిలా ఉందని గోల చేస్తే ఆ తర్వాత తొండం సరిచేశారు. నా దాంట్లో తొండం శుభ్రంగా ఉంది!

ఆ రూపాయి బరువు 11.66 గ్రాములు, సరిగ్గా పాతకాలపు తులం. అందులో నూటికి 91.7 పాళ్ళు వెండి. 1940 నుంచి సగమే వెండి, మిగతాది ఎక్కువగా రాగి వేశారు, అందుకే ఆ కాలపువి మట్టిలో ఆకుపచ్చగా మారతాయి.

నేను చేతులు కడుక్కుని వచ్చేలోగా అత్తయ్య బేడను చింతపండు, బూడిద వేసి తోమేసింది. తళతళ మెరుస్తోంది, పాత నాణేలు కొనేవాళ్ళ దగ్గర మాత్రం దాని విలువ పోయినట్టే. ఉత్త నీళ్ళలో నానబెట్టి మెత్తని గుడ్డతో అద్దాలంతే.

మావయ్య నవ్వులాటకు అడిగిన వాటా నిజంగానే చట్టంలో ఉంది. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దాగినది పది రూపాయలకు మించి విలువ చేస్తే కలెక్టర్‌కు రాసి తెలపాలి, చెప్పకుండా దాచేస్తే ఏడాది దాకా జైలు. అది మాదని ఎవరూ రుజువు చేసుకోకపోతే దొరికినవాడికి ముప్పావు వంతు, స్థలం యజమానికి పావు వంతు. మేం కాగితం రాసి ఇచ్చి రసీదు తీసుకున్నాం, అక్కడ గుమాస్తా నవ్వాడనుకోండి. "అమరావతి వెళ్దాం, ఉండవల్లి వెళ్దాం" అని ఫోన్లు చేసే స్నేహితులకు మాత్రం నాది ఒకటే జవాబు: రాను. అక్కడి స్తూపం, గుహలు రక్షిత ప్రదేశాలు, అనుమతి లేకుండా అక్కడ పలుగు వేస్తే 1958 నాటి పురాతన కట్టడాల చట్టం కింద నేరం.

విజయవాడలో కృష్ణలో భక్తులు వేసే చిల్లర కోసం పిల్లలు తాడుకు అయస్కాంతం కట్టి లాగుతుంటారు. ఇప్పటి స్టీలు రూపాయి దానికి అతుక్కుంటుంది, వెండి అతుక్కోదు. ఈ సంగతి చెప్పగానే మావయ్య బీరువా తీసి, వాళ్ళ నాన్న ఇచ్చిన 'వెండి రూపాయి' తెచ్చాడు, వెనక పులి బొమ్మ, 1947. ఆ ఏడాది రూపాయిలో వెండే లేదు, మొత్తం నికెల్. ఫ్రిజ్ మీదున్న అయస్కాంతం పెట్టి చూస్తే టక్కున అతుక్కుంది. అత్తయ్య మాత్రం ఒప్పుకోవడం లేదు, అయస్కాంతంలోనే ఏదో తేడా ఉందంటోంది.